క్రీస్తు జనన దృశ్యాలు: ఏ ఊరి బేత్లెహేము ఆ ఊరిదే

యేసు పుట్టుకను బొమ్మలతోనో, వేషాలు కట్టిన మనుషులతోనో చూపే క్రిస్మస్ అమరికను జనన దృశ్యం అంటారు. తెలుగు క్రైస్తవులకు ఇది పశువుల పాక, లేదా క్రిబ్. ఇటలీలో ప్రెసేపే, స్పెయిన్‌లో బెలెన్, ఫ్రాన్స్‌లో క్రెష్, జర్మనీలో క్రిప్పె, పోలండ్‌లో షోప్కా, చెక్ దేశంలో బెట్లెమ్ అని పిలుస్తారు. ఏ పేరుతో పిలిచినా నడుమ ఉండేది ఒకటే: తొట్టిలో పసిబిడ్డ, పక్కన మరియ, యోసేపు, వెనక ఎద్దు, గాడిద. చుట్టూ ఉండేది మాత్రం దేశానికో తీరు, ఊరికో తీరు. డిసెంబరులో ఐరోపాకో అమెరికాకో వెళ్లినవారికి చర్చిలో, మ్యూజియంలో, ఊరి నడిబొడ్డున ఇవి తప్పక ఎదురవుతాయి. చాలామంది తొట్టి ముందు కాసేపు నిలబడి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. తక్కిన జనాన్నీ, ఇళ్లనూ, కొండలనూ అలంకారం కింద జమకడతారు. నిజానికి ఆ అలంకారమే ఈ కళకు ప్రాణం. మొదటి శతాబ్దపు యూదయలో లేని పిజ్జాలు, గోపురాలు, లామాలు ఇందులోకి వచ్చి చేరడం తయారు చేసినవారి అజ్ఞానం వల్ల కాదు. ఆ పుట్టుక తమ వీధిలోనే జరిగిందని చెప్పాలనే పట్టుదల వల్ల. అందువల్ల పరదేశంలో జనన దృశ్యాన్ని చూడటమంటే ఆ ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాటను చదవడమే. ఈ కళ చరిత్ర మొత్తం ఆ మాటకు సాక్ష్యం.

సువార్తలు చెప్పింది, చెప్పనిది

నాలుగు సువార్తల్లో యేసు జననం గురించి చెప్పేవి రెండే. లూకా సువార్తలో సత్రంలో చోటు దొరకని దంపతులు, పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి, రాత్రివేళ మంద కాచుకునే గొర్రెల కాపరులు, దేవదూతలు కనిపిస్తారు. మత్తయి సువార్తలో నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు, వారు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం, బిడ్డను చంపజూసిన హేరోదు రాజు ఉంటారు. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి ఇచ్చినవారూ ముగ్గురై ఉంటారని తర్వాతివారు అనుకున్నారు. ఎద్దు, గాడిద రెండు సువార్తల్లోనూ లేవు. తమ యజమానినీ, అతని తొట్టినీ ఎద్దూ గాడిదా గుర్తుపడతాయనీ, ప్రజలే గుర్తించడం లేదనీ యెషయా ప్రవక్త గ్రంథం మొదట్లో ఉన్న మాట నుంచి అవి తొట్టి దగ్గరకు చేరాయి. నాలుగో శతాబ్దపు రోమన్ శవపేటికల మీది శిల్పాల్లోనే అవి ఉన్నాయి. పుట్టింది పాకలోనా గుహలోనా అన్నదీ సువార్తల్లో లేదు. రెండో శతాబ్దపు రచయిత జస్టిన్ గుహ అన్నాడు. బేత్లెహేములో నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ కాలాన కట్టి, ఆరో శతాబ్దంలో జస్టీనియన్ కాలాన తిరిగి కట్టిన చర్చి ఒక గుహ మీదే నిలిచి ఉంది. తూర్పు క్రైస్తవుల చిత్రాల్లో నేటికీ గుహే కనిపిస్తుంది. పశువులకు పాకలు కట్టే పశ్చిమ ఐరోపాలో గుహ పాకగా మారింది. అంటే దృశ్యాన్ని తమకు తెలిసిన నేల మీదికి దించుకోవడం తర్వాతి కాలం పోకడ కాదు, పుట్టుకతోనే వచ్చిన లక్షణం.

గ్రెచ్చోలో మొదలైన తీరు

ఈ ఆచారానికి ఆద్యుడిగా అస్సీసీ ఫ్రాన్సిస్‌ను చెబుతారు. 1223 క్రిస్మస్ రాత్రి మధ్య ఇటలీలోని గ్రెచ్చో గ్రామం దగ్గరి కొండ గుహలో ఆయన ఒక తొట్టిని పెట్టించి, గడ్డి పరిపించి, ఎద్దునూ గాడిదనూ తెప్పించాడు. కొన్నేళ్లకే ఆయన జీవితచరిత్ర రాసిన చెలానో థామస్ ఆ రాత్రిని వివరంగా వర్ణించాడు. పండుగకు పదిహేను రోజుల ముందే జొవాన్ని అనే స్థానిక ప్రముఖుణ్ని పిలిచి ఏర్పాట్లు చేయమన్నాడనీ, చుట్టుపక్కల జనం దివిటీలతో తరలివచ్చారనీ, ఆ తొట్టి దగ్గరే పూజ జరిగిందనీ, ఫ్రాన్సిస్ స్వయంగా సువార్తను గానం చేశాడనీ ఆ వర్ణన చెబుతుంది. అందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. మరియ, యోసేపుల బొమ్మలు అక్కడ ఉన్నట్టు థామస్ చెప్పలేదు. వేషాలు కట్టినవారూ లేరు. తొట్టి, గడ్డి, రెండు పశువులు, చుట్టూ ఊరి జనం, అంతే. గ్రెచ్చో ఒక కొత్త బేత్లెహేము అయిందని కూడా థామస్ రాశాడు. పవిత్ర భూమికి వెళ్లడం సామాన్యులకు అసాధ్యమైన కాలంలో ఫ్రాన్సిస్ ఆ స్థలాన్నే వారి కొండకు తీసుకువచ్చాడు. ఊరి జనమే గొర్రెల కాపరులయ్యారు. తర్వాతి శతాబ్దాల్లో తొట్టి చుట్టూ చేరిన రొట్టెలవాళ్లూ చేపలవాళ్లూ గ్రెచ్చో జనానికి వారసులే.

ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లోంచి తొలిసారి పోపు అయిన నాలుగో నికోలస్ కాలంలో, 1291 ప్రాంతాన, శిల్పి ఆర్నోల్ఫో ది కాంబియో రోములోని సాంతా మరియా మజ్జోరె చర్చి కోసం పాలరాతి బొమ్మలు చెక్కాడు. మిగిలి ఉన్న జనన దృశ్య శిల్పాల్లో అత్యంత పురాతనమైనవాటిగా వాటిని చెబుతారు. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టంట్ సంస్కరణకు ఎదురుగా కాథలిక్ మఠాలు, ముఖ్యంగా జెసూట్‌లు, బొమ్మల దృశ్యాన్ని బోధనకు సాధనంగా వాడుకున్నారు. 1562లో ప్రాగ్‌లో వారు ఏర్పాటు చేసినది ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన తొలి నాటివాటిలో ఒకటి. చదువురాని జనానికి కథ చెప్పడానికి ఇది మంచి ఉపాయమైంది. అయితే కథ చెప్పడం ఒక్కటే లక్ష్యమైతే తొట్టి చుట్టూ నాలుగైదు బొమ్మలు చాలు. వందలు ఎందుకు చేరాయో తెలియాలంటే నేపుల్స్ వెళ్లాలి.

నేపుల్స్: తొట్టి చుట్టూ ఒక రాజధాని

1734లో నేపుల్స్ రాజైన బూర్బోన్ చార్లెస్‌కు ప్రెసేపే అంటే మక్కువ. రాజు పెట్టించాడని ప్రభువులూ, ప్రభువులు పెట్టించారని ధనిక వర్తకులూ పోటీ పడ్డారు. ఆ బొమ్మల తయారీలో ఎన్నో వృత్తులు కలిశాయి. తల కాల్చిన మట్టితో, కళ్లు గాజుతో, చేతులూ పాదాలూ కర్రతో చేసేవారు. ఒంటికి ఇనుప తీగ వంచి నార చుట్టేవారు. అందుకే ఆ బొమ్మను కావలసినట్టు వంచి, బరువు మోస్తున్నట్టో, బేరమాడుతున్నట్టో నిలబెట్టవచ్చు. నేసేవారు బట్టలు, కంసాలులు నగలు, మైనం పనివారు పండ్లూ కూరలూ చేసిచ్చేవారు. పారదర్శకమైన వస్త్రం కప్పినట్టుండే క్రీస్తు పాలరాతి శిల్పాన్ని 1753లో చెక్కిన జుసెప్పె సాన్‌మార్తీనో అంతటివాడు కూడా ఈ మట్టి తలలు మలిచాడు. దృశ్యంలో మాంసం దుకాణం, పూటకూళ్ల ఇల్లు, చేపల బుట్టలు, మాకరోనీ తినేవారు, గొంతు కింద కాయ కట్టిన ముసలమ్మ, కుంటివాడు, బిచ్చగాడు, అందరూ ఉంటారు. సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుళ్ల మెట్ల కింద కూరగాయల కొట్టునూ పెళ్లి ఊరేగింపునూ పెట్టే తెలుగు ఇళ్లకు ఈ అమరిక వింతగా తోచదు.

ఈ దృశ్యాల్లో తొట్టి చాలాసార్లు విరిగిన రోమన్ స్తంభాల నడుమ ఉంటుంది. పాత మతం కూలి కొత్తది పుట్టిందని దానికి మతపరమైన అర్థం. క్రీస్తు పుట్టిన రాత్రి రోములో ఒక ఆలయం కూలిందని పదమూడో శతాబ్దపు పుణ్యచరిత్రల సంపుటి చెబుతుంది. కానీ నేపుల్స్ శిథిలాలకు దగ్గరి కారణం ఇంకొకటుంది. ఆ చార్లెస్ హయాంలోనే 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపే తవ్వకాలు మొదలయ్యాయి. కళ్లెదుట నేలలోంచి లేస్తున్న స్తంభాలే ప్రెసేపేలోకి వచ్చాయి. జ్ఞానుల పరివారంలో తలపాగాలు, వంపు కత్తులు, వాద్యబృందాలు కనిపిస్తాయి. 1741లో ఒట్టోమాన్ రాయబార బృందం నేపుల్స్‌కు వచ్చింది, నగరం దాన్ని కళ్లప్పగించి చూసింది. 1787లో ఆ నగరంలో ఉన్న జర్మన్ కవి గోథే, ఇళ్ల మిద్దెల మీద కట్టిన ప్రెసేపేలకు వెనకాల నిజమైన వెసూవియస్ పర్వతమే తెరగా నిలవడం చూసి ముచ్చటపడి రాశాడు. బేత్లెహేముకు అగ్నిపర్వతం లేదు, నేపుల్స్‌కు ఉంది. ఆ తేడాను దాచాలని అక్కడ ఎవరికీ అనిపించలేదు. నేడు సాన్ మార్తీనో మఠం మ్యూజియంలో ఉన్న కుచినియెల్లో ప్రెసేపే ఈ కళకు ప్రసిద్ధ నమూనా. దాని యజమాని తన సేకరణను దానమివ్వగా 1879లో అక్కడ అమర్చారు. బొమ్మల తయారీ ఇంకా సజీవంగా ఉన్న వీధి సాన్ గ్రెగోరియో ఆర్మేనో. సంప్రదాయ కాపరుల పక్కనే ఆ ఏడాది వార్తల్లోకెక్కిన నాయకులు, నటులు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలూ అక్కడ అమ్ముతారు.

నిషేధం ఇంటికి చేర్చిన దృశ్యం

పండుగ మీద ఆంక్షలు వచ్చినప్పుడు జనన దృశ్యం ఏమైందో చూస్తే దాని బలం తెలుస్తుంది. ఫ్రెంచి విప్లవకాలంలో చర్చిలు మూతపడినప్పుడు ప్రొవాన్స్ ప్రజలు తొట్టిని ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. పెద్ద శిల్పాలు కొనే స్తోమత వారికి లేదు. మార్సెయ్ నగరానికి చెందిన జాన్ లూయీ లాన్యెల్ ప్లాస్టర్ అచ్చులతో చిన్న చిన్న మట్టి బొమ్మలు చేసి చవకగా అందించాడు. వాటిని సాంతోన్‌లు అంటారు. ఆ బొమ్మల సంత మార్సెయ్‌లో 1803 నుంచి జరుగుతోంది. వీటిలో కత్తులకు సాన పట్టేవాడు, చేపలమ్మి, పిండిమర యజమాని, డోలు వాయించేవాడు, ఊరి మేయరు, కొడుకు చెయ్యి పట్టుకుని నడిచే గుడ్డివాడు ఉంటారు. ఒక్కొక్కరూ తమ పనిలో పండినదాన్నే కానుకగా తెస్తారు. ఇవ్వడానికి ఏమీ లేక రెండు చేతులూ పైకెత్తి ఆశ్చర్యపోయే అమాయకుడు ఒకడుంటాడు. వాడి ఆశ్చర్యమే వాడి కానుక. డిసెంబరు 4న సెయింట్ బార్బరా పండుగనాడు చిన్న గిన్నెల్లో గోధుమలు మొలకెత్తించి క్రిస్మస్‌కు తొట్టి దగ్గర పెట్టడం అక్కడి ఆచారం. మొలక పచ్చగా వస్తే వచ్చే ఏడు పంట బాగుంటుందని నమ్మకం.

చెక్ ప్రాంతాల్లోనూ దాదాపు ఇదే జరిగింది. 1780లలో ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ చర్చిల్లో బొమ్మల దృశ్యాలను నిషేధించాడు. అవి ఆడంబరమని, భక్తికి తగవని ఆయన భావన. దానితో దృశ్యం చర్చి నుంచి నేతగాళ్ల, వడ్రంగుల ఇళ్లకు చేరింది. యిండ్రిహూవ్ హ్రాదెత్స్ పట్టణంలో మేజోళ్లు అల్లే తొమాష్ క్రీజా అరవై ఏళ్లకు పైగా ఒకే దృశ్యం మీద పనిచేశాడు. అందులో దాదాపు 1,400 బొమ్మలున్నాయి, వందకు పైగా కదులుతాయి. ట్రెబెహోవిత్సే పట్టణంలో యోసెఫ్ ప్రోబొష్ట్ మొదలుపెట్టిన యాంత్రిక బెట్లెమ్‌లో రెండు వేలకు పైగా చెక్క భాగాలున్నాయి. దాన్ని 1999లో జాతీయ సాంస్కృతిక కట్టడాల జాబితాలో చేర్చారు. ఈ రెంటిలోనూ పవిత్ర కుటుంబంతో సమానంగా కమ్మరి సుత్తి, మర చక్రం, రంపం కదులుతుంటాయి. చర్చి ఆజ్ఞ లేకపోయినా, అసలు రాజాజ్ఞే అడ్డుగా ఉన్నా, పనిచేసుకునే మనుషులు తమ పనిని తొట్టి పక్కన నిలపాలనుకున్నారు. ఈ కళను నిలబెట్టింది మత సంస్థ ఒక్కటే కాదనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

క్రాకోవ్ గోపురాలు, ఆండీస్ లామాలు

తమ ఊరినే తొట్టి చుట్టూ నిలిపే ధోరణి పోలండ్‌లోని క్రాకోవ్‌లో అన్నిచోట్లకంటే ముందుకు వెళ్లింది. అక్కడి షోప్కా పాక కాదు, రాజభవనం. సెయింట్ మేరీ చర్చి జంట గోపురాలు, వావెల్ కోటలోని సిగిస్మండ్ ప్రార్థనాలయపు బంగారు గుమ్మటం, నగర ద్వారం, బట్టల అంగడి, ఇవన్నీ ఒకే కట్టడంగా కలిసిపోయి, రంగు రేకులతో తళతళలాడుతుంటాయి. వాటి మధ్య అంతస్తులో చిన్నగా తొట్టి ఉంటుంది. దిగువన నగర పురాణాల్లోని పాత్రలు, పోలిష్ చరిత్ర వీరులు నిలబడతారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రాకోవ్ శివార్ల తాపీ మేస్త్రీలు చలికాలంలో పని దొరక్క వీటిని చేసి, ఇంటింటికీ మోసుకెళ్లి క్రిస్మస్ పాటలు పాడి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. వేసవిలో తాము రాయి మీద రాయి పేర్చిన నగరాన్నే శీతాకాలంలో అట్టతో, చెక్కతో మళ్లీ కట్టారన్నమాట. 1937 నుంచి దీనికి పోటీ నడుస్తోంది. యుద్ధకాలంలో ఆగి, 1945లో మళ్లీ మొదలైంది. ఏటా డిసెంబరు మొదటి గురువారం తయారుచేసినవారు తమ షోప్కాలను ప్రధాన కూడలిలోని కవి మిత్స్‌కియెవిచ్ విగ్రహం మెట్ల మీద ఉంచుతారు. అక్కడి నుంచి అవి ఊరేగింపుగా వెళ్లి ప్రదర్శనకు చేరతాయి. 2018లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

నేపుల్స్ నుంచి చార్లెస్ 1759లో స్పెయిన్ సింహాసనానికి వెళ్లినప్పుడు ఆ మక్కువా ఆయనతో పాటు వెళ్లింది. మాడ్రిడ్ రాజభవనంలో నేటికీ క్రిస్మస్‌కు పెట్టే బెలెన్‌కు మూలం అదే. స్పెయిన్ ఆగ్నేయాన ముర్సియాలో ఫ్రాన్సిస్కో సాల్సిల్యో, ఆయన పనిశాల 500కు పైగా బొమ్మలతో చేసిన బెలెన్ ఆ ప్రాంతపు రైతులనూ, వారి దుస్తులనూ, పశువులనూ యథాతథంగా చూపిస్తుంది. స్పెయిన్ ఏలుబడిలోని అమెరికా దేశాలకు మతంతో పాటు ఈ దృశ్యమూ వెళ్లింది. వలస పాలకులు తీసుకెళ్లిన దృశ్యాన్ని అక్కడివారు తమదిగా చేసుకున్నారు. పెరూలోని అయకూచోలో తలుపులున్న చెక్క పెట్టెలో అంతస్తులుగా బొమ్మలు పేర్చే రెతాబ్లో ఉంది. అందులో తొట్టి దగ్గర లామాలు, ఆండీస్ టోపీలు పెట్టుకున్న కాపరులు ఉంటారు. ఆ కళలో పేరొందిన హోకిన్ లోపెస్ అంతాయ్‌కి 1975లో ప్రభుత్వం జాతీయ సాంస్కృతిక పురస్కారం ఇచ్చినప్పుడు, చేతివృత్తివాడు కళాకారుడెలా అవుతాడని చిత్రకారుల్లో కొందరు గొడవచేశారు. పురస్కారం నిలిచింది. కూస్కో నగరంలో డిసెంబరు 24న ప్రధాన కూడలిలో బొమ్మల సంత జరుగుతుంది. మెక్సికోలోని ఒహాకాలో డిసెంబరు 23 రాత్రి పెద్ద ముల్లంగి దుంపల్ని చెక్కి దృశ్యాలు చేస్తారు. ఆ పోటీ 1897 నాటిది. మరునాటికే వాడిపోయే దుంప మీద ఇంత పనితనం చూపడానికి, పండించిన పంటనే తొట్టి ముందు పెట్టాలనే కోరిక తప్ప వేరే కారణం కనిపించదు. తెలుగు పల్లెల్లో వరిగడ్డితో, తాటాకులతో పశువుల పాక కప్పేవారిదీ ఇదే దారి. యూదయ కొండల్లో వరి పండదు. ఆ గడ్డి మన పొలానిదే, ఆ పాక మన పెరటిదే.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఇన్ని మార్పులు చరిత్రను వక్రీకరించడం కాదా అన్నది మొదటి ప్రశ్న. 2020లో వాటికన్ సెయింట్ పీటర్స్ కూడలిలో పెట్టిన దృశ్యం మీద ఇలాంటి విమర్శే వచ్చింది. అబ్రుత్సో ప్రాంతంలోని కాస్తెల్లి గ్రామపు కళా పాఠశాలలో 1965, 1975 మధ్య చేసిన ఆ పింగాణీ బొమ్మల్లో ఒక వ్యోమగామి ఉన్నాడు. చాలామందికి అది కంటగింపైంది. కానీ ఆ బొమ్మలు చేసినది మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన దశాబ్దంలో. అప్పటి విద్యార్థుల కళ్ల ముందున్న ప్రపంచాన్ని వారు తొట్టి దగ్గరకు తెచ్చారు. చరిత్రను ఉన్నదున్నట్టు చూపడమే కొలతబద్ద అయితే ఎద్దునూ, గాడిదనూ, ముగ్గురు జ్ఞానులనూ, పాకనూ కూడా తీసెయ్యాలి. ఆ కొలతకు నిలిచే జనన దృశ్యం ప్రపంచంలో ఒక్కటీ ఉండదు. పురావస్తు నమూనాకు ఉండవలసిన ఖచ్చితత్వం ఒకటి, భక్తి రూపానికి ఉండవలసిన నిజాయితీ మరొకటి. నేపుల్స్ చేపలమ్మి రెండో పరీక్షలో నెగ్గుతుంది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం లోతైనది. ఇంత సంతలో పసిబిడ్డ మాయమైపోతున్నాడనీ, పవిత్రమైనది తిరునాళ్ల సందడిలో మునిగిపోతోందనీ భక్తులే అంటారు. నేపుల్స్ పెద్ద దృశ్యాల్లో తొట్టిని వెతుక్కోవలసి రావడం నిజమే. అయితే లూకా కథలో కూడా ఊరంతా జనాభా లెక్కల హడావుడిలో ఉంది, సత్రం నిండిపోయింది, పుట్టిన బిడ్డను గమనించినవారు కొద్దిమందే. తొట్టిని జనంలో వెతుక్కోవలసి రావడం ఆ కథకు దూరం జరగడం కాదు, దగ్గరవడం. 2019 డిసెంబరు 1న పోపు ఫ్రాన్సిస్ గ్రెచ్చోలోనే సంతకం చేసిన లేఖలో, సువార్తతో నేరుగా సంబంధం లేని కమ్మరి, రొట్టెలవాడు, బిచ్చగాడు లాంటి బొమ్మలను చేర్చే అలవాటును మెచ్చుకున్నాడు. ఆచారానికి అధికారికమైన ఆమోదం కూడా ఉందన్నమాట.

మూడోది న్యాయమైన అభ్యంతరం, దానికి పూర్తి సమాధానం లేదు. పేదల బొమ్మలు చేయించుకున్నది ధనికులు. పద్దెనిమిదో శతాబ్దపు నేపుల్స్‌లో బిచ్చగాడి చిరుగుల్ని పట్టు వస్త్రాల పక్కన అందంగా అమర్చి, అతిథులను పిలిచి చూపించినవారు వీధిలోని బిచ్చగాణ్ని పట్టించుకున్నారని చెప్పలేం. తూర్పుదేశపు పరివారాన్ని వింతగా మలచడంలోనూ చూసేవాడి గర్వం ఉంది. కాబట్టి ఆ దృశ్యాన్ని పేదల స్వీయచిత్రం అనడం తప్పు. అది ఆ నగరపు స్వీయచిత్రం. అందులో నగరపు దొంతరలూ, దాని చూపులోని లోపాలూ సైతం పడ్డాయి. పైగా మలిచిన చేతులు పనివాళ్లవి. గొంతు కాయను, ఊడిన పళ్లను, కాయలు కాచిన అరచేతిని అంత శ్రద్ధగా చెక్కినవారికి ఆ ముఖాలు ఇరుగుపొరుగువే. రాజుల చిత్రపటాలు వేలకొద్దీ మిగిలిన శతాబ్దం నుంచి చేపలమ్మి ముఖం ఇంత స్పష్టంగా మిగిలింది ఈ బొమ్మల్లోనే.

నాలుగోది ప్రభుత్వ స్థలాల్లో ఒక మతపు దృశ్యం ఉండవచ్చునా అన్న చర్చ. అమెరికా సుప్రీంకోర్టు 1984లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్ నగరపు దృశ్యాన్ని, ఇతర పండుగ అలంకరణలతో కలిసి ఉన్నందున, అనుమతించింది. 1989లో పిట్స్‌బర్గ్‌లోని కౌంటీ న్యాయస్థాన భవనం లోపల విడిగా పెట్టినదాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2016లో, తాత్కాలికంగా, సాంస్కృతిక లేదా పండుగ స్వభావంతో, మతప్రచారం లేకుండా ఉంటే పెట్టవచ్చంది. ఈ జాగ్రత్తలు అవసరమే. ఒక ఊరి స్వీయచిత్రంలో ఆ ఊరి ఇతర మతస్థులకు చోటు లేకపోతే అది అసంపూర్ణ చిత్రం. వీధి, ఇల్లు, మ్యూజియం, చర్చి ఈ కళకు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయపు గోడ లేకపోయినా దానికి లోటు లేదు.

చూడవలసిన తీరు

ఇదంతా పరదేశపు చూపరికి కొన్ని పద్ధతులు నేర్పుతుంది. దృశ్యాన్ని అంచు నుంచి లోపలికి చూడాలి. ముందు దుకాణాలు, పనిముట్లు, పంటలు, దుస్తులు, కట్టడాలు. ఆ తర్వాత తొట్టి. ఎవరెవరికి చోటిచ్చారో, ఎవరిని అంచున నిలిపారో గమనించాలి. కాలాన్నీ గమనించాలి. చాలాచోట్ల డిసెంబరు 24 రాత్రి దాకా తొట్టి ఖాళీగా ఉంటుంది, అప్పుడే బిడ్డను ఉంచుతారు. జ్ఞానుల బొమ్మలను దూరాన పెట్టి, రోజురోజుకూ దగ్గరకు జరుపుతూ జనవరి 6 నాటికి చేరుస్తారు. కొన్ని ప్రాంతాల్లో ఫిబ్రవరి 2 దాకా దృశ్యం ఉంచుతారు. కాబట్టి డిసెంబరు మొదటి వారంలో చూసినదీ, జనవరిలో చూసినదీ ఒకటి కాదు. ఆ దృశ్యాలు పుట్టిన ఊళ్లకు వెళ్లలేనివారికి గొప్ప సేకరణలు ఇతర నగరాల్లోనూ ఉన్నాయి. మ్యూనిక్‌లోని బవేరియా జాతీయ మ్యూజియంలో ఆల్ప్స్ ప్రాంతపు, ఇటలీ దృశ్యాల పెద్ద సేకరణ ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఏటా నవంబరు చివర నుంచి జనవరి మొదటి రోజుల వరకు, లొరెట్టా హైన్స్ హోవర్డ్ ఇచ్చిన పద్దెనిమిదో శతాబ్దపు నేపుల్స్ బొమ్మలను ఎత్తైన క్రిస్మస్ చెట్టు చుట్టూ అమరుస్తారు. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు నేపుల్స్ పనితనాన్ని దగ్గరగా చూసే సులువైన మార్గం అదే. మతం వేరైనవారు చూడటానికి సంకోచించనక్కర్లేదు. ఈ దృశ్యం ఎన్నడూ భక్తులను మాత్రమే ఉద్దేశించినది కాదు. దారినపోయే ప్రతివాణ్నీ కలుపుకోవడమే దాని పద్ధతి.

సావనీరు వ్యాపారం ఈ కళను నాశనం చేస్తుందనే భయం కూడా ఉంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మలు ఏ దేశంలో కొన్నా ఒకేలా ఉండటం చూస్తే ఆ భయం కొట్టివేయదగినది కాదు. అయితే అమ్మకం తప్పు కాదు. సాంతోన్‌లు పుట్టింది చవకగా అమ్మడానికే, క్రాకోవ్ మేస్త్రీలు షోప్కా మోసింది కూలి కోసమే. ప్రమాదం అమ్మకంలో లేదు, ఊరి ముఖం చెరిగిపోవడంలో ఉంది. మ్యూజియంలో పాత బొమ్మలు భద్రపరిచినంత మాత్రాన సంప్రదాయం బతికినట్టు కాదు. కొత్త బొమ్మను చేర్చే హక్కు తమకుందని జనం నమ్మినంతకాలమే అది బతుకుతుంది. 2023 డిసెంబరులో, గాజా మీద యుద్ధం సాగుతుండగా, అసలు బేత్లెహేములోని లూథరన్ క్రిస్మస్ చర్చి తన తొట్టిని తీసేసి, పాలస్తీనా తలగుడ్డ కెఫీయాను చుట్టిన పసిబిడ్డను కూలిన రాళ్ల కుప్ప నడుమ ఉంచింది. దాని రాజకీయార్థం మీద ఎవరి అభిప్రాయం వారిది. కళ దృష్ట్యా మాత్రం అది కొత్తదేమీ కాదు. గ్రెచ్చో గుహ, వెసూవియస్ ముందు మిద్దె, అయకూచో పెట్టె చేసినదే అదీ చేసింది: ఆ బిడ్డ ఇప్పుడు, ఇక్కడ, మా మధ్య పుట్టాడని చెప్పింది. పరదేశపు జనన దృశ్యాన్ని కొలవవలసినది ఈ మాటతోనే. బొమ్మలు ఎన్ని, వయసు ఎంత, పాలరాయా మట్టా అన్నవి తర్వాతి సంగతులు. తన ఊరి మనుషులకు తొట్టి పక్కన చోటిచ్చిన దృశ్యం ముల్లంగితో చెక్కినదైనా గొప్పదే. ఆ చోటు ఇవ్వనిది ఎంత ఖరీదైనదైనా ఈ సంప్రదాయానికి బయటే ఉంటుంది.